రేవు కోసం నేను ఏరిన రాయి

రాయి మంచిదో చెడ్డదో చెప్పడానికి నాకు ఎక్కువసేపు పట్టదు. సుత్తి వెనక భాగంతో నాలుగు చోట్ల తడతాను. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల పొర విడిచిన రాయి దగ్గినట్టు పలుకుతుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే బకెట్టు నీళ్లు పోసి ఎండలో నిలబెడతాను. రాయంతా ఆరిపోయాక అంచు వెంట వెంట్రుకంత గీత ఒకటి తడిగా మిగిలిందంటే ఆ రాయి పనికి రాదు. రెండు వానాకాలాలు తగిలితే చాలు, ఆ గీత దగ్గర విడిపోయి పైముఖం అప్పడంలా లేచిపోతుంది. ఇది మా నాయన నేర్పిన విద్య. ఆయన మార్కాపురం క్వారీల్లో బతుకంతా పలకరాయి చీల్చాడు. నేను ఊరి బయట రోడ్డు పక్కన చిన్న యార్డు పెట్టుకుని, గచ్చులకీ గోడలకీ రాయి కోసి ఇస్తున్నాను. ఇన్నేళ్లలో తెలిసి తెలిసి చెడ్డ రాయి ఇచ్చింది ఒక్కసారే. ఎవరికిచ్చానో, ఎందుకిచ్చానో చెబుతాను. ఇచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషం కూడా దాచను.

మా ఊరు గుండ్లకమ్మ ఒడ్డున ఉంది. ఏటి ఒడ్డు అన్నానని నిండుగా పారే నీళ్లను ఊహించుకోవద్దు. ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఇసుక. గట్టు మీద ఎత్తులో ఊరు, దిగువన చర్చి చుట్టూ మా పల్లె. భూములున్నవాళ్లు ఊళ్లో, ఆ భూముల్లో పనిచేసేవాళ్లు పల్లెలో. ఈ లెక్క ఎవరూ కాగితం మీద రాయలేదు గానీ, రోడ్లు పడినా కరెంటు వచ్చినా అది మాత్రం చెరగలేదు.

ఊళ్లో పెద్ద రైతు కుటుంబంలో పుట్టిన హెడ్మాస్టరు ఒకాయన రిటైరయ్యాక ఏమీ తోచక చరిత్ర మొదలుపెట్టాడు. నెలకోసారి, రెండో ఆదివారం సాయంత్రం, ఏటి పక్కనున్న గ్రంథాలయం వరండాలో సభ. ప్లాస్టిక్ కుర్చీలు, ఈల వేసే మైకు, గోడకు కట్టిన తెల్ల దుప్పటి మీద ప్రొజెక్టరు బొమ్మలు, చివర్లో టీ, మిక్చరు పొట్లం. మన తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు కోర్టు పనులకు జనం ఎట్లా పోయేవాళ్లో ఒక నెల చెప్పారు. వంతెన లేనప్పుడు ఏట్లో బండ్లు ఎట్లా దాటించేవాళ్లో ఇంకో నెల. బాగుండేవి, కాదనను. పలకల పని మీద మాట్లాడమని నన్నూ ఒకసారి పిలిచాడు. రెండు రాళ్లు తీసుకుపోయి తట్టి వినిపించాను. మంచిదేదో చెడ్డదేదో కళ్లు మూసుకుని చెప్పండని పిల్లలకు పరీక్ష పెట్టాను. అందరికంటే ముందు చెయ్యెత్తింది హెడ్మాస్టరే. సరిగ్గా చెప్పాడు. ఆ రోజు ఆయన మీద నాకు గౌరవం ఉండేది.

ఆ తర్వాత నెల విషయం వరద. మా అమ్మ పుట్టిన తర్వాత ఈ ఏటికి వచ్చిన అతి పెద్ద వరద అదే. సభలో దాని గురించి చెబుతారంటే తనూ వస్తానంది. అమ్మకు ఎనభై దాటాయి. చదువు లేదు. రెండు కళ్లలోనూ శుక్లాలు, మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. ఆపరేషన్ అంటే ఒప్పుకోదు. చెవులు మాత్రం ఇంట్లో అందరికంటే చురుకు. చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుంది. ఆటోలో తీసుకుపోయి వెనక వరసలో కూర్చోబెట్టాను.

హెడ్మాస్టరు ఆ రోజు ఎంత బాగా మాట్లాడాడో చెప్పలేను. ఇక్కడ చినుకు లేదు, ఎగువన నల్లమలలో కుంభవృష్టి. ఇసుకలో పుచ్చతోటల కావలికి పడుకున్న పదకొండు మంది. వాళ్లలో తోట చూస్తానని మారాం చేసి జీతగాడితో వచ్చి పడుకున్న ఆరేళ్ల పిల్లవాడు, అంటే ఈయనే. తెల్లవారుతుండగా వాళ్ల నాయన గట్టు మీదికి వచ్చి, గాలిలో బురద వాసన పట్టి, ఊరంతా దద్దరిల్లేట్టు కేకలు వేసి అందరినీ లేపాడట. ఇసుకలోకి దిగి, నడుముల లోతు నీళ్లలో కొడుకును భుజానేసుకుని వచ్చాడట. దుప్పటి మీద ఆ నాయన ఫొటో పడింది. తలపాగా, మీసం, చేతికర్ర. జనం చప్పట్లు కొట్టారు. నా పక్కన మా అమ్మ కూడా కొట్టింది.

నాకు కడుపు మండిపోయింది. ఎందుకో తెలియాలంటే మా ఇంట్లో ఆ వరద కథ ఎట్లా చెప్పుకుంటామో తెలియాలి.

ఏరు ఎండిన రోజుల్లో ఇసుకలో మోకాలి లోతు గుంత తీస్తే నీరు ఊరుతుంది. దాన్ని చెలమ అంటాం. కొబ్బరిచిప్పతో తోడి పోసుకుంటూ, మళ్లీ ఊరేదాకా కాచుకుంటూ బిందె నింపాలి. చాలాసేపు పట్టేది గనక ఆడవాళ్లు కోడికూతకే పోయేవాళ్లు. ఊరివాళ్ల చెలమ ఎగువన, మా వాళ్ల చెలమ దిగువన. ఆ రోజు అమ్మ ఒక్కతే పోయింది. కొత్తగా పెళ్లయిన పిల్ల. చిప్పతో నీళ్లు తోడితే చెలమ తగ్గలేదు. తోడేకొద్దీ పైకి వచ్చింది. రోజూ గోరువెచ్చగా ఉండే నీళ్లు చల్లగా, మడ్డిగా ఉన్నాయి. ఇసుక పైన ఏమీ లేదు. ఇసుక కింద మాత్రం ఏరు అప్పటికే వచ్చేసిందని ఆమెకు అర్థమైంది. చెలమ దగ్గర గంటలు గంటలు కూర్చునే మనిషికి తప్ప అది ఇంకొకరికి తెలిసే సంగతి కాదు.

ఇత్తడి బిందె బోర్లించి రాయితో బాదుకుంటూ తోటల వెంట పరుగెత్తింది. పడుకున్నవాళ్లు లేచి గట్టు వైపు పరుగెత్తారు. గట్టెక్కాక చూస్తే పిల్లవాడు లేడు. ఒకరు తెచ్చారని ఒకరు అనుకున్నారు. అమ్మ వెనక్కి పోయింది. దుప్పటి ముసుగేసుకుని నిద్రపోతున్న పిల్లవాణ్ణి భుజానేసుకుంటే, నీళ్ల చప్పుడుకు భయపడి వాడు ఆమె ఎడమ చెవి కమ్మ గట్టిగా పట్టుకున్నాడు. నీళ్లు నడుముల దాకా వచ్చాయి. గట్టెక్కేసరికి చెవితమ్మె చీలిపోయింది. కమ్మ వాడి గుప్పిట్లోనే పోయింది. వాళ్ల నాయన ఎక్కడున్నాడంటే ఇంట్లో పట్టెమంచం మీద నిద్రపోతున్నాడు.

అమ్మ పిల్లవాణ్ణి ఇంటిదాకా మోసుకుపోయింది. ఆ ఇంట్లో వాళ్లు చేతులు చాచి అందుకోలేదు. వాకిట్లో దించమన్నారు. ముందు వాడి నెత్తి మీద రెండు కడవల నీళ్లు పోసి, తర్వాత లోపలికి తీసుకున్నారు. పల్లె మనిషి ముట్టుకున్న బిడ్డ గదా మరి. అమ్మ మెడ మీదుగా రక్తం కారుతూనే ఉంది. తనను పొమ్మని కూడా ఎవరూ అనలేదంటుంది. కాసేపు నిలబడి తనే వచ్చేసింది.

ఈ కథ విని పెరిగినవాణ్ణి నేను. సభ నుంచి వస్తూ ఆటోలో అడిగాను, నువ్వెందుకు చప్పట్లు కొట్టావని. ఆమె నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు నా భుజాన ఏడ్చిన బిడ్డ ఇంత పెద్దోడై మైకులో మాట్లాడతా ఉంటే కొట్టద్దా నాయనా?"

ఆమె గుణం అంత. నాది కాదు. తర్వాతి నెల ఒక్కణ్ణే పోయాను. ప్రశ్నలు అడగమన్నప్పుడు లేచి నిలబడ్డాను. చెలమ, బిందె, భుజం, వాకిట్లో పోసిన నీళ్లు, అన్నీ చెప్పాను. హెడ్మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"తమ్ముడూ, చరిత్రకు ఆధారం కావాల. పెద్దోళ్లకు జ్ఞాపకాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి," అన్నాడు. మెత్తగానే అన్నాడు, బళ్లో లెక్క తప్పు చేసిన పిల్లవాడికి చెప్పినట్టు.

"ఆధారం మా అమ్మ చెవికి ఉండాది సార్. వచ్చి చూసుకోండి," అన్నాను.

వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు అంటుకుని ఇంకో ఇద్దరు నవ్వారు. చెవిని ప్రొజెక్టరులో చూపిస్తాడేమో అని ఒకడు అన్నాడు. హెడ్మాస్టరు తర్వాతి బొమ్మ వెయ్యమని చెయ్యి ఊపాడు. నేను మిక్చరు పొట్లం కుర్చీలో పెట్టి బయటికి వచ్చేశాను.

ఆ రోజు నుంచి నాకు వేరే పని లేకపోయింది. చేతులు రాయి కోస్తుండేవి, మనసు ఆయన్ని కోస్తుండేది. కరపత్రం అచ్చు వేయించాలనుకున్నాను. సభ జరిగే రోజున ఎదురుగా షామియానా వేయించి మా వాళ్లతో పోటీ సభ పెట్టించాలనుకున్నాను. ఆయన బజారులో కనబడితే నలుగురిలో ఏమి అడగాలో, ఆయన ఏమంటే నేనేమనాలో మిషను చప్పుడులో గట్టిగా చెప్పుకునేవాణ్ణి. మా ఇంటిది విని, ఎవరితో మాట్లాడుతున్నావని అడిగేది. ఆదివారం పాస్టరు క్షమించమని ప్రసంగం చేస్తే, ఈ మాట ఊళ్లోకి పోయి చెప్పరాదా అనుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆయన నమస్కారం పెడితే చూడనట్టు పోయాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆయనకు అది తగులుతున్నదని తెలిసి ఇంకా హాయిగా ఉండేది.

ఎండాకాలం రాకముందు ఆయనే నా యార్డుకు వచ్చాడు. స్కూటరు ఆపి, రాళ్ల మధ్య దారి చూసుకుంటూ వచ్చి, స్టూలు మీద కూర్చున్నాడు. రేవు దగ్గర, వరద ఎంత ఎత్తు వచ్చిందో అక్కడ, ఒక రాయి నిలబెట్టాలని సభవాళ్లు అనుకున్నారట. మనిషి ఎత్తు నల్లరాయి, దాని మీద ఆనాటి సంగతి చెక్కించాలట. వచ్చే పోయే పిల్లలు చదువుకోవాలట. ఏమి రాయాలో ఇంకా రాస్తా ఉండానన్నాడు. రాసినాక నీకు చూపిస్తా అన్నాడు.

చదువుకున్నవాళ్లు మీకు తెలియదా, నాకు చూపించేదేముంది అన్నాను. ఆ మాటలో విషం ఆయనకు అర్థమైందో లేదో.

అబద్ధాన్ని రాతి మీద చెక్కుతాడట. ఆ రాయి నేనివ్వాలట. ఒక్క క్షణం ఆయన్ని లేపి బయటికి పంపాలనిపించింది. మరుక్షణంలో ఇంకో ఆలోచన వచ్చింది. అది వచ్చాక నా ముఖం మీద నవ్వు కూడా వచ్చింది. మంచి రాయి ఏరి పెడతాను, నాకేమీ ఇవ్వొద్దు, ఏటికి నా వంతు అనుకోండి అన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. రాతి దుమ్ముతో ఉన్న చేతులు. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను.

రాయి ఏరడానికి రెండు రోజులు తీసుకున్నాను. నా జన్మలో ఏ గిరాకీకీ అంత శ్రద్ధగా ఏరలేదు. యార్డు మూలన పక్కకు పడేసిన రాళ్లలో ఒకటి ఉంది. చూడటానికి ఎంత అందమైన రాయంటే, నున్నగా, కాటుక నలుపు, ముఖం మీద మచ్చ లేదు. పొర విడిచే రాళ్లకే ఒక్కోసారి ఆ నిగారింపు ఉంటుంది. తట్టాను, దగ్గింది. నీళ్లు పోసి ఎండలో నిలబెట్టాను. ఆరాక నాలుగు అంచుల వెంటా గీత కనబడింది, ముఖానికి వేలి మందం లోపల. సరిగ్గా చెక్కిన అక్షరాల లోతు దాటి, వాటిని మొత్తంగా ఊడదీసుకుపోయేంత దూరంలో ఉంది. ఇంతకంటే మంచి చెడ్డ రాయి దొరకదు అనుకున్నాను. గీత కనబడకుండా నాలుగు అంచులకూ నూనె పట్టించాను.

కింద భాగం సిమెంటులో ఉంటుంది, దానికేమీ కాదు. నీళ్లు దిగేది పైఅంచు నుంచి. మొదటి వానకు నీళ్లు లోపలికి పోతాయి, ఎండకు విడుస్తుంది, రెండో వానకు ఉబ్బుతుంది. పేరు ఎప్పుడూ పైనే చెక్కుతారు. వాళ్ల నాయన పేరు ముందు రాలిపోతుంది. రాలేది ఊరందరి ముందూ, నడి రేవులో. నేను ఒక్క మాట కూడా అనక్కర్లేదు. ఆ ఆలోచనతో అన్నం ఎంత రుచిగా ఉండేదో.

ఆయన వచ్చి రాయి చూసుకున్నాడు. తట్టి చూడమని సుత్తి ఇవ్వబోయాను, ధైర్యం అట్లా పెరిగిపోయింది. ఆ రోజు సభలో మంచి రాయి ఏదో చెవితో గుర్తుపట్టిన మనిషి సుత్తి తీసుకోలేదు. నువ్వు చూసినాక నేను తట్టేదేముంది అన్నాడు.

రాయిని మార్కాపురంలో అక్షరాలు చెక్కే మనిషి దగ్గరికి పంపారు. నాకు తెలిసినవాడే. వారం తర్వాత ఫోన్ చేశాడు. "అన్నా, రాయి కొంచెం మెత్తగా పోతా ఉంది, ఏం గాదు గదా?" అన్నాడు. ఏమీ కాదు, చెక్కు అన్నాను. "సరే గాని నువ్వొకసారి వచ్చి రాత చూసుకోరాదా, ఇందులో మీ..." అంటుండగానే, నాకు ఆ రాత చూసే అవసరం లేదని ఫోన్ పెట్టేశాను. ఆ పెద్దమనిషి నాయన గొప్పలు నేను చదవాలా?

అంతకు ముందే, రాయి మార్కాపురం పోకముందు, ఒక సాయంత్రం ఇంటికి పోతే అమ్మ వాకిట్లో కూర్చుని తనలో తను నవ్వుకుంటోంది. పక్కన రెండు టీ గ్లాసులు. హెడ్మాస్టరు వచ్చి పోయాడట. నా ఒళ్లు భగ్గుమంది. ఎందుకొచ్చాడంటే, చెలమ ఏడ ఉండేదో అడిగినాడు అంది. ఇంకేమి అడిగాడంటే చెప్పలేదు. వాళ్ల నాయన కథకు ఇంకా కొంచెం సరుకు ఏరుకుపోవడానికి వచ్చాడని, ఇంకోసారి వస్తే గుమ్మం ఎక్కనీయొద్దని అరిచాను. అమ్మ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. మా ఇంట్లో, మా గ్లాసులో, ఆ ఇంటి మనిషి టీ తాగాడన్న సంగతి నా బుర్రకు ఎక్కలేదు. పగ పట్టినవాడికి పక్కనున్నది కనబడదు.

రాయి నిలబెట్టే రోజు అమ్మ పొద్దున్నే స్నానం చేసి తెల్లచీర కట్టుకుంది. నేను రానన్నాను. నువ్వు రాకపోతే నేను నడిచి పోతా అంది. తీసుకుపోక తప్పలేదు. ఆటో ఎక్కించేటప్పుడు చూశాను, కుడిచెవికి చిన్న ఇత్తడి కమ్మ పెట్టుకుంది. చాలా పాతది, పచ్చగా కిలుం పట్టినట్టుంది. ఏంది ఇది అంటే, నాదే అంది. ఎడమ చెవికి పెట్టుకోవడానికి తమ్మె లేదు గదా.

రేవు దగ్గర ఊరూ పల్లే రెండూ ఉన్నాయి. రాయికి ఎర్రగుడ్డ కప్పి ఉంది. నేను కావాలనే దూరంగా నిలబడ్డాను. అమ్మను మాత్రం సభవాళ్లు వచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. హెడ్మాస్టరు మైకు తీసుకున్నాడు. ఈసారి ప్రొజెక్టరు లేదు, కాగితం కూడా లేదు.

"మన సభలోనే నేను అబద్ధం చెప్పినా. అబద్ధమని తెలీక చెప్పినా," అన్నాడు. "మా ఇంట్లో నాకు అట్లనే చెప్పినారు. ఒకాయన లేచి, ఆధారం మా అమ్మ చెవికి ఉండాదంటే మీరు నవ్వినారు. నేను మిమ్మల్ని ఆపలేదు."

ఆయన చెప్పుకుపోయాడు. చెవి అన్న మాట ఆ రోజు నుంచీ ఆయన్ని వదల్లేదట. వాళ్లమ్మ పెట్టెలో ఒంటి ఇత్తడి కమ్మ ఒకటి ఉండేదట. ఆ ఇంటి ఆడవాళ్లు ఇత్తడి పెట్టుకోరు. ఎవరిదమ్మా అని చిన్నప్పుడు అడిగితే ఏటి దగ్గర దొరికిందని చెప్పిందట, పారెయ్యనియ్యలేదట. దాన్ని తీసుకుని మా ఇంటికి వచ్చాడు. అమ్మ వేళ్లతో తడిమి, పక్కనున్న సొట్ట చెప్పి, నాదే అంది. ఈ సంగతి నలుగురిలో నేనే చెప్పుకోవాల, అందాకా కొడుక్కు కూడా చెప్పొద్దని అమ్మ దగ్గర మాట తీసుకున్నాడు.

"ఆ పొద్దు వాకిట్లో నా నెత్తిన నీళ్లు పోసింది నాకు బాగా గుర్తుండాది. ఎందుకు పోసినారో ఇన్నేండ్లకు తెలిసింది," అని గుడ్డ లాగాడు.

అందరికంటే పైన, అరచేయంత అక్షరాలతో, మా అమ్మ పేరు ఉంది. దాని కింద చెలమ, బిందె, పదకొండు మంది, ఆరేళ్ల పిల్లవాడు. అన్నిటికంటే అడుగున, చిన్న అక్షరాల్లో, ఈ రాయి ఫలానా వారి జ్ఞాపకార్థం కొడుకు నిలబెట్టించాడని వాళ్ల నాయన పేరు.

అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొడుతున్నారు. రాయి ఇచ్చింది ఈయనే, ఊరికే ఇచ్చినాడు అని మైకులో చెబుతున్నాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో కూడా నాకు ఆయన మీద కోపమే వచ్చింది. ముందే చెప్పి చావకూడదా అని. రాసినాక నీకు చూపిస్తా అన్నాడని, వద్దన్నది నేనేనని ఆ తర్వాత గుర్తొచ్చింది.

అమ్మ నన్ను పిలిచి, నా పేరు ఏడుందో ఆడ నా వేలు పెట్టు నాయనా అంది. ఆమె చూపుడువేలు పట్టుకుని మొదటి అక్షరం మీద పెట్టాను. అక్కడి నుంచి తనే గాడి వెంట వేలు నడుపుకుంటూ పోయింది. చివరి అక్షరం దాకా పోయి మళ్లీ మొదటికి వచ్చింది. నా బొటనవేలు పైఅంచు మీద ఉంది. నూనె ఆరిపోయింది. గోటికి గీత తగులుతోంది.

మొదటి వానకు ముందే పోయి పైఅంచుకు లప్పం పట్టించాను. ఏంది అని అడిగినవాళ్లకు పాలిష్ అని చెప్పాను. హెడ్మాస్టరుతో నిజం చెప్పేద్దామని మూడుసార్లు ఆ ఇంటికి పోయాను. మూడుసార్లూ నన్ను లోపలికి పిలిచి కుర్చీ వేసి, ఈ ఊరి చరిత్రలో నీ రాయి నిలిచిపోతుంది తమ్ముడూ అన్నాడు. టీ తాగి వచ్చేసేవాణ్ణి.

లప్పం ఒక్క వానాకాలం ఆగింది. రెండో వానాకాలంలో ఏటి మీద నాలుగు రోజులు ముసురు పట్టి ఎండ కాసింది. పొద్దున పోయి చూస్తే మా అమ్మ పేరు ఉండాల్సిన చోట బూడిద రంగు లోపొర మిగిలింది. రాలిన పెంకులు రేవు మెట్ల మీద ఉన్నాయి. ఏరి తువాల్లో మూటగట్టుకుని తెచ్చుకున్నాను. నా చేతిపని కచ్చితంగా నేను అనుకున్నట్టే జరిగింది, అనుకున్న చోటే విడిచింది. తర్వాతి వారాల్లో చెలమ పోయింది, బిందె పోయింది, పదకొండు మంది పోయారు. అడుగునున్న వరస, సిమెంటు దగ్గర, చెక్కుచెదరలేదు.

హెడ్మాస్టరు చూసి, ఏటిగాలికి రాయి కూడా ఆగదులే, ఇంకోటి వేయిద్దామన్నాడు. నన్ను అనుమానించలేదు. యార్డులో మంచి రాయి ఒకటి ఏరి, గోనెసంచి కప్పి పెట్టాను. నాలుగు చోట్ల తట్టాను, ఖంగుమంది. కానీ అది నిలబెట్టాలంటే మొదటిది ఎందుకు పోయిందో ముందు ఆయనకూ అమ్మకూ చెప్పాలి. చెప్పకుండా నిలబెట్టుకుపోతే నేనూ ఆనాడు నిజం దాచిన హెడ్మాస్టరు ఇంటివాళ్ల మాదిరే అవుతాను. రోజూ పొద్దున గోనె తీసి చూస్తాను, మళ్లీ కప్పుతాను.

పేరు రాలిపోయిందని అమ్మకు ఇంకా చెప్పలేదు. ఆదివారం చర్చి అయ్యాక రేవుకు తీసుకుపొమ్మంటుంది. పోయిన వారం కూడా పోయాం. ఇప్పుడు ఎక్కువసేపు నిలబడలేదు, రాయి ముందర గట్టు మీద కూర్చుంది. వేలు చాపింది. ఆ వేలు పట్టుకుని, మిగిలి ఉన్న ఒక్క వరస మీద, వాళ్ల నాయన పేరు మీద పెట్టాను.

"పైన గదా ఉండింది?" అంది.

"నువ్వు కూర్చున్నావు గదమ్మా, అందుకే అట్ల ఉండాది," అన్నాను.

ఆమె ఆ పేరు మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు తడిమింది. కుడిచెవి కమ్మ కొంచెం ఊగింది.

"బాగా లోతుగా చెక్కినారు నాయనా. ఇంక పోదులే ఇది," అంది.

పోదమ్మా అన్నాను.